నువ్వెక్కడ ఆడుకుంటావ్?

1887 జులై 18. సింగపూర్‌లో ఓ ప్రభుత్వ కార్యాలయం. జీతం ఎగ్గొట్టారనో, కొట్టారనో, కూతుర్ని ఎత్తుకెళ్లారనో... రోజూ ఎవరో ఒకరు ఏదో ఒక గోడు చెప్పుకోవడానికి అక్కడికి వస్తూనే ఉంటారు. ఆ రోజు ఓ చైనా వడ్రంగి వచ్చాడు. గోడేమీ చెప్పుకోలేదు. తెచ్చిన గొడ్డలిని నేరుగా పెద్ద దొర మొహం మీదికి విసిరాడు. అది నుదుటికి తగిలింది. దొర బతికాడు కానీ మళ్లీ మునుపటి మనిషి కాలేకపోయాడు. కొద్దికాలానికే ఉద్యోగం వదిలి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు.

ఆ దొర పేరు విలియం పికరింగ్. ఆయన హోదా వింటే ఆశ్చర్యం వేస్తుంది... ‘చైనీయుల సంరక్షకుడు’!

సంరక్షకుణ్ని చంపాలని ఎవరికుంటుంది? ఆయన రాకముందు ఆ జనానికి సంరక్షకులుగా ఉన్నవాళ్లకుంటుంది. వాళ్లే సింగపూర్ రహస్య సంఘాలవాళ్లు. ఆ గొడ్డలి ఎందుకు లేచిందో తెలియాలంటే ఆ సంఘాల కథ తెలియాలి.

ఇప్పుడు సింగపూర్ అంటే మనకు గుర్తొచ్చేవి వేరు. కడిగినట్టుండే రోడ్లు, చూయింగ్ గమ్‌కు కూడా నిషేధం, అర్ధరాత్రి ఆడపిల్ల ఒంటరిగా నడిచి వెళ్లగలిగే వీధులు. అదే ఊరికి 1920ల్లో ‘తూర్పు దేశాల షికాగో’ అని పేరుండేది. ముఠాలు తుపాకులతో పట్టపగలే కాల్చుకునేవి. అంతకు డెబ్భై ఏళ్ల ముందైతే ఒక్కో కొట్లాటలో వందల శవాలు లేచాయి.

గుడి పక్క వీధి

సింగపూర్ చూడ్డానికి వెళ్లిన మనవాళ్లు తప్పకుండా వెళ్లే చోటు సౌత్ బ్రిడ్జ్ రోడ్డులోని మారియమ్మన్ గుడి. 1827లో కట్టారు. ఏటా దీపావళికి కాస్త ముందు అక్కడ నిప్పుల గుండం తొక్కుతారు. చిత్రమేమిటంటే ఆ గుడి ఉన్నది చైనా టౌన్ నడిబొడ్డున. గుడి పక్కనున్న వీధికి ‘పగోడా స్ట్రీట్’ అని పేరు రావడానికి కారణం మన అమ్మవారి గోపురమే! చాలామంది దండం పెట్టుకుని, ఆ వీధిలో కీ చెయిన్లు, అయస్కాంతం బొమ్మలు కొనుక్కుని వచ్చేస్తారు. ఒకప్పుడు అదే వీధిలో మనుషుల వ్యాపారం జరిగేది. ఓడలు దిగిన కూలీలను అక్కడి ఇళ్లలో ఉంచి, అవసరమున్న యజమానులకు అప్పజెప్పేవారు.

1819లో స్టాంఫర్డ్ రాఫిల్స్ అక్కడ ఈస్టిండియా కంపెనీ రేవు పెట్టాడు. సుంకాలు లేని రేవు. దాంతో చైనా దక్షిణ తీరం నుంచి జనం ఓడలెక్కి రావడం మొదలుపెట్టారు. మిరియాల తోటల్లో, తోళ్లు పదును చేయడానికి వాడే గాంబియర్ తోటల్లో, రేవులో మూటలు మోయడానికి ఎంతమంది వచ్చినా చాలేవారు కాదు. వచ్చేవాడి దగ్గర ఓడ టిక్కెట్టుకు డబ్బులుండవు. దళారి పెట్టుకుంటాడు. ఆ అప్పు తీరేదాకా ఎవరు కొనుక్కుంటే వాడికి చాకిరీ చేయాలి. ఇలా కొత్తగా దిగినవాణ్ని ‘సిన్‌కే’ అనేవారు. కొత్త అతిథి అని అర్థం. ఆ అతిథికి జరిగే మర్యాద మాత్రం దేవుడికే తెలియాలి.

శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో పాతతరం వాళ్లకు ఇది కొత్త కథేం కాదు. రంగం వెళ్లిన మనవాళ్లకు మేస్త్రీ ఎలాగో వీళ్లకు దళారి అలాగ. తెచ్చేదీ వాడే, పని ఇప్పించేదీ వాడే, కూలిలో కోత కోసేదీ వాడే. కానీ సింగపూర్ చైనా కూలీ చుట్టూ మరో వల కూడా ఉండేది. దానిపేరే సంఘం.

ఒక్కసారి ఆ కూలీ స్థానంలో నిలబడి చూడండి. భాష తెలియని ఊరు. పెళ్లాం పిల్లలు సముద్రం అవతల. చైనా మగాళ్లు వేలల్లో ఉంటే ఆడవాళ్లు చాలా తక్కువ. జబ్బు చేస్తే గంజి కాచి పోసేవాళ్లు లేరు. అన్యాయం జరిగితే చెప్పుకుందామంటే అధికారుల్లో చైనా భాష వచ్చిన తెల్లవాడు ఒక్కడూ లేడు. అన్నిటికంటే పెద్ద భయం... చస్తే దహనమో ఖననమో ఎవరు చేస్తారు? కొడుకు చేతి అంత్యక్రియలు లేకపోతే ఆత్మ ఆకలితో తిరుగుతుందని నమ్మే జాతి వాళ్లది.

అలాంటివాడి దగ్గరికి ఒకడొచ్చి ‘మా సంఘంలో చేరు. నీకు వెయ్యి మంది అన్నదమ్ములుంటారు. పని చూపిస్తాం, కొట్లాటలో నీ వెనక నిలబడతాం, పోతే పాడె మోస్తాం’ అంటే ఏమంటాడు? చేరతాడు. చేరనన్నా ఊరుకోరనుకోండి, అది వేరే సంగతి!

కోడి తల, ముప్ఫయ్యారు ప్రమాణాలు

ఈ సంఘాలన్నిటికీ తల్లివేరు ‘థియాన్ తీ హుయ్’. ఆకాశం-భూమి సంఘం అని అర్థం. 18వ శతాబ్దంలో చైనాలోని ఫుజియన్ ప్రాంతంలో పుట్టింది. సభ్యులు చెప్పుకొనే కథ వేరే ఉంది. మంచూ చక్రవర్తి షావోలిన్ మఠాన్ని తగలబెట్టించాడనీ, బతికి బయటపడ్డ అయిదుగురు సన్యాసులు మంచూలను కూలదోసి పాత మింగ్ వంశాన్ని నిలబెడతామని ఒట్టు పెట్టుకున్నారనీ. వినడానికి బాగుంటుంది. చరిత్రకారులు మాత్రం దీన్ని తర్వాత అల్లిన కథగానే చూస్తారు. ఊరు వదిలి తిరిగే పేదవాళ్లు ఒకరికొకరు ఆసరాగా పెట్టుకున్న సంఘమే అదీ అంటారు. నాకూ ఇదే నిజమనిపిస్తుంది. సింగపూర్ తోటలో మిరియాలు కోసేవాడికి మింగ్ చక్రవర్తి ఎవరైతే ఏం?

చేరే తంతు మాత్రం భయంకరంగా ఉండేది. రాత్రి పూట, దీపాల వెలుగులో, ఎత్తిపట్టిన కత్తుల కింద నుంచి కొత్తవాణ్ని నడిపించేవారు. కోడి తల నరికేవారు... మాట తప్పితే నీ తలా ఇంతే అని. సభ్యుల రక్తం కలిపిన సారా గుక్కెడు తాగాలి. ముప్ఫయ్యారు ప్రమాణాలు చేయాలి. సంఘం గుట్టు బయటపెట్టను, సోదరుడి భార్యను తప్పుగా చూడను, సోదరుడు చస్తే అంత్యక్రియలకు డబ్బిస్తాను... ఇలా ఉండేవి. చదువుతుంటే సగం మంచి మాటల్లాగే కనిపిస్తాయి.

మలక్కాకు చెందిన మున్షీ అబ్దుల్లా అనే భాషా పండితుడు తన ఆత్మకథలో ఈ తంతు గురించి రాశాడు. 1849లో అచ్చయిన పుస్తకం అది. సింగపూర్ లోపలి అడవిలో సంఘం స్థావరానికి వేషం మార్చుకుని వెళ్లి, చాటుగా ఉండి చూశాడట. చేరనని మొరాయించిన వాణ్ని ఎలా బాదారో, ప్రాణం తీస్తామని ఎలా బెదిరించారో వర్ణించాడు. అన్నదమ్ముల ప్రేమ అలా బలవంతాన కూడా పుట్టించేవారన్నమాట!

సంఘాల్లోకెల్లా పెద్దది గీ హిన్. ధర్మం వర్ధిల్లడం అనే అర్థం వచ్చే పేరు. దానికి పోటీగా గీ హాక్, హై సాన్ వంటివి. చేసే పనుల్లో ధర్మం పాలెంత? సాయమూ ఉండేది, దోపిడీ కూడా ఉండేది. నల్లమందు కొట్లు, జూదం ఇళ్లు, వేశ్యాగృహాలు... అన్నిటి నుంచీ సంఘాలకు మామూళ్లు వచ్చేవి. కూలీని అప్పుల్లోకి దించే దళారీ సంఘం మనిషే. ఆ కూలీ పారిపోతే వెతికి పట్టుకొచ్చేదీ సంఘం మనుషులే. పాడె మోసే చెయ్యే మెడ పట్టుకునేది కూడా. ఇందులో దొరలు పత్తిత్తులేం కాదు. 19వ శతాబ్దంలో ఆ వలస ఖజానాకు వచ్చే ఆదాయంలో దాదాపు సగం నల్లమందు మీదే వచ్చేది.

బియ్యం బేరంతో మొదలై...

1851లో సంఘాల కత్తులు మొదట తిరిగింది చైనా క్రైస్తవుల మీదికి. కేథలిక్ మతం పుచ్చుకున్న తోటల రైతులు సంఘాలకు దూరమవుతున్నారన్నదే కోపం. ఊరి బయట వాళ్ల తోటలు తగలబెట్టారు. 500 మంది చనిపోయి ఉంటారని అప్పటి అంచనా.

మూడేళ్లకే, 1854 మేలో, బజారులో ఇద్దరు బియ్యం బేరం దగ్గర మాటా మాటా అనుకున్నారు. ఒకడు హొక్కియన్ వాడు, ఒకడు టియోచ్యూ వాడు. ఇద్దరూ చైనావాళ్లే, భాషలు వేరు. ఆ మాటలు కొట్లాటై, వీధి పట్టి, ఊరు దాటి తోటలకు పాకింది. పది రోజులకు పైగా నరుక్కున్నారు. సుమారు 400 మంది పోయారనీ, 300 ఇళ్లు కాలిపోయాయనీ లెక్క. నాలుగు సేర్ల బియ్యం కోసం ఎవరూ అంతపని చేయరు కదా! లోపల ఎప్పటినుంచో రగులుతున్న కక్షలున్నాయి. చైనాలోని అమోయ్‌లో తిరుగుబాటు చేసి ఓడిపోయినవాళ్ల కోసం చందాలడిగితే హొక్కియన్లు ఇవ్వలేదన్నది అందులో ఒకటి.

ఇంత జరుగుతుంటే సర్కారేం చేస్తోందంటారా? సింగపూర్ అప్పుడు కలకత్తా నుంచి నడిచేది. 1867 దాకా అంతే. పోలీసులు తక్కువ. దండులో ఉండే సిపాయిలు మద్రాసు నుంచి వెళ్లినవాళ్లు. చైనా వీధిలో ఎవడు ఎవడితో ఎందుకు కొట్టుకుంటున్నాడో వాళ్లకేం తెలుస్తుంది? అందుకే సర్కారువారు ఓ ఉపాయం కనిపెట్టారు. కొట్లాట వచ్చినప్పుడల్లా సంఘాల పెద్దలనే పిలిపించి, ప్రత్యేక కానిస్టేబుళ్లుగా ప్రమాణం చేయించి, వీధుల్లో తిప్పేవారు. దొంగచేతికి తాళాలివ్వడం అంటే ఇదే!

1867లో పెనాంగ్ దీవిలో మరీ ఘోరమైన అల్లర్లు జరిగాయి. పది రోజులు ఊరు స్తంభించింది. చైనా సంఘాలతో పాటు మలయ్, భారతీయ ముస్లింల ‘ఎర్రజెండా’, ‘తెల్లజెండా’ సంఘాలు కూడా చెరో పక్షాన నిలిచి కొట్టుకున్నాయి. సర్కారు కళ్లు తెరిచి 1869లో ఓ చట్టం తెచ్చింది. పేరేమో ‘ప్రమాదకర సంఘాల అణచివేత’. చేసిందేమో వాటిని రిజిస్టరు చేసుకోమనడం! రహస్య సంఘం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టడం ప్రపంచంలో ఇంకెక్కడైనా జరిగిందో లేదో.

పికిలిన్ దొర

అప్పుడొచ్చాడు పికరింగ్. 1872లో దుబాసీగా చేరాడు. అంతకుముందు చైనాలో, తైవాన్‌లో ఏళ్ల తరబడి ఉన్నవాడు కావడంతో చైనీయుల మాండలికాలు గలగలా మాట్లాడేవాడు. సర్కారు తరఫున చైనావాడి మాట చైనావాడి భాషలోనే విన్న మొదటి తెల్ల అధికారి ఆయనే. కోర్టులో దుబాసీలు ఒకటి చెబితే ఒకటి తర్జుమా చేయడం చూసి ఆయనకు మతిపోయింది.

1876 డిసెంబరులో ఇంకో గొడవ. కూలీలు ఇళ్లకు పంపే డబ్బులు, ఉత్తరాలు అప్పటిదాకా చైనా వర్తకుల చేతుల మీదుగా వెళ్లేవి. దాన్ని తపాలా శాఖ తీసుకుని వేరే పోస్టాఫీసు పెట్టబోయింది. కమీషన్ పోతుందని వర్తకులు మండిపడ్డారు. గోడల మీద నోటీసులు, ఆఫీసు మీద రాళ్లు, కాల్పులు. కూలీ ఇంటికి పంపే నాలుగు డబ్బుల మీద కూడా ఎంతమంది కన్నుందో దాంతో తెలిసొచ్చింది.

మరుసటి ఏడాది, 1877లో, ‘చైనీయుల సంరక్షణ కార్యాలయం’ పుట్టింది. దానికి పెద్ద పికరింగ్. ఓడ రేవుకు రాగానే ఆయన మనుషులు ఎక్కేవారు. ఎవరు టిక్కెట్టు కొనుక్కుని వచ్చారు, ఎవరు అప్పు మీద వచ్చారు, ఎవరితో ఎంతకు ఒప్పందం... అన్నీ రాసుకునేవారు. ఒప్పందం తన ఎదుట చదివి వినిపించి రిజిస్టరు చేయించేవాడు. అమ్ముడుపోయి వచ్చిన ఆడపిల్లలకు ఆశ్రయం ఏర్పాటయ్యింది. డబ్బు తగాదాలూ ఇంటి తగాదాలూ ఆయన దగ్గరే పంచాయితీ. కార్యాలయం పేరు పలకలేక జనం దాన్ని ‘పికిలిన్’ అనేవారు. ఆయన పేరే ఆఫీసు పేరైపోయింది.

అప్పటిదాకా కూలీకి కష్టం వస్తే ఒక్కటే గుమ్మం, సంఘం గుమ్మం. ఇప్పుడు రెండోది తెరుచుకుంది. పికరింగ్ గొప్పదనమంతా ఇదే అని నా అభిప్రాయం. లాఠీతో కాకుండా సంఘం చేసే పనిని తానే చేయడం మొదలుపెట్టాడు. గీ హిన్ దీక్ష తంతుకు స్వయంగా వెళ్లి కూర్చుని, చూసిందంతా 1878లో ఓ పత్రికకు వ్యాసంగా రాసి ఇచ్చాడు. శత్రువు గురించి అంత శ్రద్ధగా తెలుసుకున్న అధికారులు అరుదు.

కానీ ఆయన జూదం మీద చెయ్యి వేశాడు. సంఘాలకు జూదం అంటే అన్నం ముద్ద. గొడ్డలి దెబ్బకు కారణం అదేనని అప్పుడంతా అనుకున్నారు.

ఆ దెబ్బ తర్వాత గవర్నరు సెసిల్ క్లెమెంటి స్మిత్ సంఘాలను పూర్తిగా నిషేధించాల్సిందేనన్నాడు. వద్దన్నవాళ్లలో ఒకడు ఎవరనుకున్నారు? పికరింగే! నుదుటి మీద గాయం ఉన్న మనిషే! ‘ఒక్కసారిగా మూసేస్తే పైకి కనిపించకుండా పోతారు. పెద్దలు మన చేతిలో ఉంటేనే మంద మన అదుపులో ఉంటుంది’ అన్నట్టుగా సాగింది ఆయన వాదన. గవర్నరు మాటే నెగ్గింది. 1889లో సంఘాల చట్టం వచ్చి, 1890 నుంచి అమలైంది. గీ హిన్‌తో సహా పెద్ద సంఘాలన్నీ రద్దయిపోయాయి. ఆనాటి స్థాయిలో నరుకుళ్లు మళ్లీ జరగలేదు కాబట్టి గవర్నరుది తప్పనలేం. పికరింగ్ భయపడ్డదీ జరిగింది. మర్రిచెట్టు కొట్టేస్తే వందచోట్ల పిలకలేసినట్టు, వీధికో ముఠా మొలిచింది.

వీటికి ఆకాశమూ లేదు, భూమీ లేదు. మింగ్ చక్రవర్తి కథలూ లేవు. ఈ వీధి మాది, ఇక్కడ బండి పెట్టుకుంటే మామూలివ్వు. అంతే. దీక్షల తంతు కురచైపోయి, కొన్ని గుర్తులు మిగిలాయి. వాటిలో ముఖ్యమైంది పచ్చబొట్టు. ఆ పచ్చబొట్టే ఎంతోమంది ప్రాణం తీసింది. 1942లో జపాన్ సైన్యం సింగపూర్‌ను ఆక్రమించుకుని చైనీయుల ఏరివేత మొదలుపెట్టినప్పుడు ఒంటి మీద పచ్చబొట్టున్నవాళ్లను సంఘం మనుషులుగా లెక్కేసి లారీలెక్కించారు. వాళ్లలో ఎక్కువమంది తిరిగి రాలేదు.

సెనాంగ్ అంటే సుఖం

యుద్ధం అయిపోయాక ముఠాలది ఆడింది ఆట. ఆకలి, నిరుద్యోగం, ఇరుకు గదులు, చదువు మానేసిన కుర్రాళ్లు. ముఠాలకు పేర్ల బదులు అంకెలొచ్చాయి. 08, 18, 24, 36, 108, 303... లాటరీ నంబర్లలా ఉంటాయి. సైకిలు చెయిన్లు, బేరింగు గీకే పదునైన ఇనప పనిముట్లు, యాసిడ్ నింపిన విద్యుత్ బల్బులు వాళ్ల ఆయుధాలు.

కొత్త కుర్రాడు వీధిలోకొస్తే ముఠావాళ్లు ఆపి హొక్కియన్‌లో ఓ ప్రశ్న అడిగేవారు. తెలుగులో చెప్పాలంటే... ‘నువ్వెక్కడ ఆడుకుంటావ్?’ పసిపిల్లల మాటలా ఉంది కదా! నీ అడ్డా ఏది, నీ ముఠా ఏది అని దానర్థం. తప్పు అంకె చెప్తే కత్తిపోటు. ఏ అంకే చెప్పకపోతే దిక్కులేనివాడని తన్నులు. నూరేళ్ల క్రితం ఓడ దిగిన కూలీకీ ఈ కుర్రాడికీ తేడా లేదు. ఎవరో ఒకరి మనిషివి కాకపోతే బతకలేవు.

సర్కారు 1955లో ఓ నేర చట్టం తెచ్చింది. చట్టం పేరులోనే ‘తాత్కాలిక’ అని ఉంది. ముఠా మనుషుల మీద సాక్ష్యం చెప్పడానికి జనం వణికిపోతున్నారు కాబట్టి కోర్టు విచారణ లేకుండానే జైల్లో పెట్టే అధికారాన్ని 1958లో అందులో చేర్చారు. మన పీడీ యాక్టు లాంటిదే. ఏడాదికి పెడతారు, కావాలనుకుంటే మళ్లీ ఏడాది పొడిగిస్తారు. జైళ్లు నిండిపోయాయి. ఇంతమందిని ఏం చేయాలి? 1959లో కొత్తగా వచ్చిన లీ క్వాన్ యూ ప్రభుత్వం జైళ్ల మీద కమిషన్ వేసింది. దాని అధ్యక్షుడు దేవన్ నాయర్. మలయాళీ కుటుంబానికి చెందినవాడు, తర్వాత సింగపూర్ అధ్యక్షుడయ్యాడు. గోడల మధ్య కుళ్లబెట్టడం కంటే పనిలో పెట్టి మార్చడం మేలన్నది ఆలోచన.

అలా 1960లో పులావ్ సెనాంగ్ అనే చిన్న దీవిని ఎంచుకున్నారు. మలయ్ భాషలో సెనాంగ్ అంటే సుఖం, తేలిక. అడవి తప్ప ఏమీ లేదక్కడ. ముఠా కుర్రాళ్లే చెట్లు కొట్టి, రోడ్లు వేసి, పాకలు కట్టి, కూరగాయలు పండించారు. గోడల్లేవు, సంకెళ్లు లేవు. సూపరింటెండెంటు డేనియల్ డట్టన్‌కు పని మీద మూఢభక్తి. కాపలావాళ్ల దగ్గర తుపాకులు కూడా ఉండకూడదన్నాడు. నమ్మితేనే మనిషి మారతాడన్నది ఆయన సిద్ధాంతం. మొదట్లో అది పనిచేసినట్టే కనిపించింది. మారారనుకున్నవాళ్లను దశలవారీగా విడుదల చేశారు. విదేశాల నుంచి కూడా జనం వచ్చి చూసి మెచ్చుకున్నారు.

అయితే డట్టన్ పని విషయంలో మొండి. 1963 జులైలో, అదనపు వేళల్లో రేవు కట్టుడు పని చేయమన్న 13 మంది వడ్రంగులను తిప్పి చాంగీ జైలుకు పంపించేశాడు. జైలుకు వెళ్లడమంటే విడుదల మళ్లీ మొదటికొచ్చినట్టే. ఎప్పుడు వదులుతారో తెలియని మనుషులకు అది ఎంత పెద్ద శిక్షో ఆయనకు తట్టలేదు. గొడవ జరగబోతోందని ముందే కబురందినా లెక్కచేయలేదు. జులై 12 మధ్యాహ్నం పారలు, గొడ్డళ్లు, కత్తులు లేచాయి. డట్టన్‌ను, మరో ముగ్గురు అధికారులను చంపేశారు. తమ చేతులతో మూడేళ్లు కట్టుకున్న ఊరిని గంట గడవకముందే తగలబెట్టుకున్నారు.

విచారణ నెలల తరబడి సాగింది. ఏడుగురు జ్యూరీ సభ్యులు 18 మందిని హత్యా నేరం కింద దోషులన్నారు. 1965 అక్టోబరు 29న ఆ 18 మందినీ ఉరితీశారు. ఏ విచారణా లేకుండా దీవికి వెళ్లినవాళ్లకు విచారణంటూ దొరికింది ఆ కేసులోనే. చేసింది ఘోరమే. నాలుగు ప్రాణాలు తీశారు. అయినా ఆ కథ చదివిన ప్రతిసారీ డట్టన్ మీద జాలి కలుగుతుంది, ఆ కుర్రాళ్ల మీదా కలుగుతుంది. దీవిని సైన్యానికిచ్చేశారు. అక్కడ ఫిరంగులు పేల్చడం నేర్చుకుంటారు.

ఇళ్లు కట్టారు, వీధులు పోయాయి

ముఠాలను ఉరికొయ్యలే అణిచాయనుకుంటే పొరపాటు. 1960లోనే గృహ నిర్మాణ మండలి పుట్టింది. 1961 మేలో బుకిట్ హో స్వీ అనే గుడిసెల పేట అంటుకుని 16 వేల మంది ఒక్కపూటలో నిరాశ్రయులయ్యారు. ముఠాలకు పేరుపడ్డ పేట అది. ఏడాది తిరిగేలోపు అక్కడే బహుళ అంతస్తుల ఇళ్లు లేచాయి. తర్వాత ఊరంతా అదే వరస. పాత పేటల జనాన్ని విడదీసి వేర్వేరు చోట్ల ఫ్లాట్లిచ్చారు. వీధి మాది అనడానికి వీధే లేకుండా పోయింది. రోడ్డు పక్క బండ్లవాళ్లకు లైసెన్సులిచ్చి, కప్పున్న అంగళ్లలోకి తరలించారు. ఇక మామూలు ఎవడికివ్వాలి? 1967 నుంచి మగపిల్లలందరికీ సైనిక శిక్షణ తప్పనిసరైంది. బడి, ఇల్లు, ఉద్యోగం... సంఘం ఇస్తానన్నవన్నీ సర్కారే ఇవ్వసాగింది. పికరింగ్ ఆలోచనే, కాకపోతే వెయ్యిరెట్లు పెద్దది.

‘తాత్కాలిక’ చట్టం సంగతేమైందంటారా? అయిదేళ్లకోసారి పొడిగిస్తూనే ఉన్నారు. 2024లో కూడా పార్లమెంటు మరో అయిదేళ్లు పొడిగించింది. డెబ్భై ఏళ్ల తాత్కాలికం! ముఠాలు తగ్గాయి కదా, ఇంకా ఎందుకని అడిగేవాళ్లు అక్కడా ఉన్నారు. ఉంది కాబట్టే తగ్గాయని సర్కారు జవాబు. ఏ తల్లిదండ్రులు ఏ జవాబు వైపు మొగ్గుతారో వాళ్ల పిల్లాడు ఏ వీధిలో నడుస్తున్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది. నాకైతే పేరు మార్చి అసలు పేరు పెట్టుకోవడమే నిజాయతీ అనిపిస్తుంది.

ముఠాలు పూర్తిగా పోలేదు. 1990ల్లో ‘సలకావ్’ అనే పేరు బాగా వినిపించింది. హొక్కియన్‌లో మూడు-ఆరు-తొమ్మిది. కూడితే పద్దెనిమిది, పాత ముఠా అంకె. ఇందులో చైనా పిల్లలతో పాటు మలయ్, భారతీయ కుర్రాళ్లూ చేరారు. భాష కోసం, కులదైవం కోసం పుట్టిన సంఘం చివరికి పదహారేళ్ల పిల్లల చేతిలో అంకెగా మిగిలింది. 2010 అక్టోబరులో డౌన్‌టౌన్ ఈస్ట్ అనే వినోద కేంద్రం దగ్గర 19 ఏళ్ల పాలిటెక్నిక్ విద్యార్థిని ఓ గుంపు కత్తులతో నరికేసింది. గొడవ మొదలైంది ‘ఎందుకలా చూస్తున్నావ్’ అన్న మాట దగ్గర!

ఇలాంటి పిల్లల కోసం అక్కడ 1997 నుంచి ‘స్ట్రీట్‌వైజ్’ అనే కార్యక్రమం నడిచింది. ముఠా అంచుల్లో తిరుగుతూ ఇంకా నేరంలో కూరుకుపోని కుర్రాళ్లకు ఆరునెలల పాటు కౌన్సెలింగ్. పిల్లాడొక్కడే వస్తే సరిపోదు. అమ్మానాన్నలు కూడా వచ్చి కూర్చోవాలి.